వెన్నెల చాక్ ఇండస్ట్రీస్ బోణీ

వ్యాపారం పెట్టి పైకి రావడం ఎలాగో చెప్పేవాళ్ళు దేశంలో చాలామందే ఉన్నారు. పొద్దున తెరిచిన వ్యాపారాన్ని పొద్దుగూకేలోపు, ఎవరి సాయమూ లేకుండా, సొంత చేతులతో ముంచడం ఎలాగో చెప్పగలిగినవాణ్ణి మాత్రం బాపట్ల మొత్తానికి నేనొక్కణ్ణే. నా కొట్టు కాలిపోలేదు, దొంగలు పడలేదు, సరుకు పాడవలేదు. కొనేవాళ్ళు రాలేదా అంటే, ఒకరి వెనక ఒకరు వచ్చారు. వచ్చినవాళ్ళని వచ్చినట్టే వెనక్కి పంపి మరీ ముంచాను. నవ్వుకుంటామంటే చెబుతాను. జాలిపడే అలవాటున్నవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు.

ఎనభైల చివర్లో సంగతి ఇది. ముందుగా మా వంశం గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా తాత మిషన్ బడిలో మాస్టారు. నాన్న బాపట్ల హైస్కూల్లో లెక్కల మాస్టారు. చిన్నాన్న డ్రిల్లు మాస్టారు. రేపల్లెలో ఉండే మేనత్త కరుణమ్మ ఎలిమెంటరీ బడిలో చేసి రిటైరైంది. మా ఇంట్లో ఇంకో గరిటె పప్పు కావాలన్నా చెయ్యెత్తి నిలబడి అడిగేవాళ్ళం. అమ్మడం అనే మాట మా వంశంలో ఎవరూ ఎరగరు. కొనడం తెలుసు, అదీ జీతాలు వచ్చిన వారంలోనే.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను డిగ్రీ పూర్తిచేసి, బి.ఎడ్.లో చేర్పిస్తారేమోనని భయపడుతూ తిరుగుతున్న రోజుల్లో, తెనాలిలో నిరుద్యోగ యువకులకి స్వయం ఉపాధి శిక్షణ శిబిరం పెట్టారు. మధ్యాహ్నం భోజనం కూడా పెడతారంటే వెళ్ళాను. హైదరాబాదు నుంచి వచ్చిన సారు ఒకాయన టై సరిచేసుకుంటూ ఒక చిన్న దేశం గురించి చెప్పాడు. ఆ దేశం మన రాష్ట్రంలో ఆరో వంతు కూడా ఉండదట, మాగాణి లేదట, చూద్దామంటే కొండలూ మంచూ తప్ప ఏమీ లేవట. అయినా ఇంటికొకడు కూర్చుని గడియారాలు చేసి ప్రపంచమంతా అమ్ముతున్నారట.

"చిన్న దేశానికి పెద్ద ఆస్తి ఏంటో తెలుసా? చొరవ! ఉద్యోగం అడిగేవాడు కాదు, ఉద్యోగం ఇచ్చేవాడు కావాలి!" అని బల్ల గుద్దాడు. గ్లాసులో నీళ్ళు ఒలికాయి. నా ఒళ్ళు పులకరించింది.

చిన్న దేశం అనగానే నాకు మా వంశమే కళ్ళముందు కదిలింది. మాదీ చిన్న దేశమే. కొండలు లేవు, మంచు లేదు, చొరవ అసలే లేదు. ఈ దేశంలో చొరవ అనే విత్తనం నాటడానికి దేవుడు నన్ను ఎన్నుకున్నాడని తెనాలి నుంచి బాపట్ల వచ్చే పాసింజరులో, తలుపు దగ్గర నిలబడి, నిశ్చయించుకున్నాను. కడుపునిండా భోజనం చేసినవాడికి ఇలాంటి నిశ్చయాలు తేలిగ్గా వస్తాయి.

ఏం తయారుచెయ్యాలి? అది ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్ళంతా సుద్దముక్క పట్టుకుని బతికినవాళ్ళే. దాన్ని చేసేవాడే లేడు. బాపట్లలో బడులకీ కాలేజీలకీ కొదవలేదు. మాస్టార్లు సుద్దముక్కలు అరగదీస్తూనే ఉంటారు, నేను చేస్తూనే ఉంటాను. ఇంతకన్నా ఏం కావాలి?

నాన్నతో చెప్పాను. ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, తప్పు లెక్క చేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఎవరు కొంటారా?"

"బడులు, నాన్నా."

"అయితే వినుకో. బడులు తెరిచేలోపల ఒక్కటంటే ఒక్క బడి నీ సరుకు కొన్నా నేను నోరెత్తను. కొనలేదనుకో, నువ్వు నోరెత్తకుండా బి.ఎడ్.లో చేరాలి. సమ్మతమేనా?"

"సమ్మతమే!" అన్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సుద్ద లేదు ముక్క లేదు, ఆ సాయంత్రమే బోర్డు రాయించాను: వెన్నెల చాక్ ఇండస్ట్రీస్. స్టేషను రోడ్డులో అద్దెకి తీసుకున్న ఒక వరండా, రెండు అల్యూమినియం అచ్చులు, ఒక బక్కెట్టు. అయినా ఇండస్ట్రీస్ అని బహువచనంలోనే రాయించాను. ముందుచూపు ఉండాలి కదండీ.

సుద్దముక్క చెయ్యడం చూడ్డానికి తేలికే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్ళలో కలిపి, నూనె రాసిన అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక తీసి ఎండబెట్టడమే. మొదటి విడత ముక్కల్ని నాన్న ఇంట్లో ఉన్న నల్లబల్ల మీద గీసి చూశాడు. ఆ కీచుమన్న చప్పుడుకి పక్కింటి కుక్క వీధి దాటి పరిగెత్తింది. రెండో విడత పట్టుకుంటేనే పిండైపోయింది. మా అమ్మ దాంతో గిన్నెలు తోముకుంది. మూడో విడతకి నూనె ఎక్కువై, ముక్క బల్ల మీద జారిందే తప్ప అక్షరం పడలేదు. ఇలా నేర్చుకుంటూ నేర్చుకుంటూ, ఎట్టకేలకు గీరకుండా, రాలకుండా, మల్లెపువ్వులా రాసే సుద్దముక్క నా చేతికి వచ్చేసరికి వేసవి సెలవులు అయిపోవచ్చాయి. సోమవారం బడులు తెరుస్తారనగా శనివారం కొట్టు తెరవాల్సి వచ్చింది. ఆదివారం మాకు చర్చి, కొట్టు తెరిచే ప్రశ్నే లేదు. అంటే నాకున్నది ఆ ఒక్క శనివారమే.

ఇక్కడే మా కరుణమ్మత్త చెయ్యి అడ్డం వచ్చింది.

మావాళ్ళు ముహూర్తాలు చూడరు. రాహుకాలం ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో కూడా తెలీదు. కానీ బోణీ సంగతి వేరు. బోణీకి మతం లేదు. పొద్దున్నే మొదటి బేరం ఎవరి చేతిమీదుగా జరిగితే ఆ చేతి బలం రోజంతా ఉంటుందని, కొత్త కొట్టుకైతే జన్మంతా ఉంటుందని తోపుడుబండి వాడి దగ్గర్నుంచి బంగారం కొట్టు వాడి దాకా అందరూ నమ్ముతారు. రేపల్లె బజారులో మా అత్తయ్య చేతికి ఉన్న పేరు ఇంకెవరి చేతికీ లేదు. ఆమె బోణీ చేసిన రిబ్బన్ల బుట్టవాడు ఇప్పుడు బట్టలకొట్టు యజమాని. పెనుమూడిలో ఆమె మొదటి దోసె తిన్న పాక హోటలు మేడ హోటలైంది. అడవులదీవిలో ఒక పడవాయన దగ్గర ఆమె మొదటి గంప రొయ్యలు కొంటే, ఆ వారమంతా వలలు చిరిగేటన్ని పడ్డాయట. వల చిరిగితే లాభమా నష్టమా అని ఎవరూ అడగలేదు. ఆమె బోణీ చేశాక మూతపడ్డ కొట్లు కూడా ఉండే ఉంటాయి. వాటి గురించి చెప్పడానికి వాటి యజమానులు బజారులో లేరు.

అంతకుముందు వారం ఒక పెళ్ళిలో కలిసినప్పుడు అత్తయ్య నా చెంపలు రెండూ పట్టుకుని చెప్పింది.

"ఒరేయ్ ప్రసాదూ, నీ కొట్టుకి నేనే బోణీ చెయ్యాలి. నేను వచ్చేదాకా ఎవరికీ ఒక్క ముక్క అమ్మమాక. శనివారం పొద్దున్నే బండెక్కి వచ్చేస్తా."

"బోణీ ఏంట్రా? పాస్టరుగారు ప్రార్థన చేస్తే చాలదా?" అన్నాడు నాన్న.

"ఇది నమ్మకం కాదు నాన్నా, మార్కెటింగ్," అన్నాను. తెనాలి శిబిరంలో నేర్చుకున్న మాటల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

శనివారం వచ్చింది. పాస్టరుగారు పొద్దున్నే వచ్చి, ఏదెను తోటతో మొదలుపెట్టి బాపట్ల దాకా ప్రార్థన చేసి, కాఫీ తాగి వెళ్ళారు. పెట్టెలన్నీ ముందుకి సర్ది, రాసి చూసుకోవడానికి ఒక నల్లబల్ల గోడకి తగిలించి, ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నాను. రేపల్లెలో మొదటి బండెక్కి, తెనాలిలో దిగి, బాపట్ల వైపు బండి పట్టుకుంటే అత్తయ్య టిఫిన్ల వేళకి వచ్చెయ్యాలి.

టిఫిన్ల వేళకి వచ్చింది ట్యూషను మాస్టారు ఒకాయన.

"రెండు పెట్టెలివ్వు బాబూ."

"సాయంత్రం రండి మాస్టారూ."

"ఇప్పుడు లేవా?"

"ఉన్నాయండి."

"కనపడుతున్నాయిగా. మరి ఇవ్వు."

"ఇవ్వకూడదండి."

"ఏం, ఇంకా ఆరలేదా?"

"బాగా ఆరాయండి. బోణీ కాలేదు, అందుకని."

ఆయన నన్నూ, పెట్టెల్నీ, పైన బోర్డునీ మార్చి మార్చి చూశాడు. "బోణీ కాలేదని ఇవ్వనంటున్నావా? ఇస్తేనే కదయ్యా బోణీ అయ్యేది!" అన్నాడు. లెక్క ప్రకారం ఆయన చెప్పిందే నిజం. కానీ లెక్కల మాస్టారి కొడుకుని కదా, నాకు లెక్కలు రావు.

ఆయన తర్వాత కాన్వెంటు ఆయా వచ్చింది, వెళ్ళింది. క్లబ్బులో స్కోరు రాయడానికని ఒకతను వచ్చాడు, తిట్టి వెళ్ళాడు. స్టేషనులో బండి కూసినప్పుడల్లా నేను రోడ్డు మీదికి వెళ్ళి చూడటం, రిక్షాల్లో అత్తయ్య లేకపోవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఎదురుగా టీ బంకు శేషయ్య బాబాయి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చివరికి ఉండబట్టలేక గ్లాసు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటబ్బాయ్ ఇది? బోణీ బేరం చెయ్యిజారిపోకూడదని ప్రతివాడూ కాళ్ళావేళ్ళా పడతాడు. బోణీ కోసమని బేరాలు తగలేసేవాణ్ణి నిన్నే చూస్తున్నా."

"మా అత్తయ్య చెయ్యి సంగతి నీకు తెలీదు బాబాయ్."

"చెయ్యి సంగతి తర్వాత. మనిషేది?"

నేను లేచి మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళి చూశాను.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకి కొట్టు ముందు ఒక అంబాసిడర్ కారు ఆగింది. దిగినాయన్ని చూసి లేచి నిలబడ్డాను. వీరరాఘవయ్యగారు. మాగాణి రైతు. కొంత పొలం తెగనమ్మి, బాపట్ల నుంచి రేపల్లె దాకా ఊరూరా ప్రైవేటు బడులు పెట్టిన కరస్పాండెంటు. మా తెనాలి శిబిరం సారు చెప్పిన చొరవ అనేది పంచె కట్టుకుని నడిస్తే అచ్చం ఈయనలాగే ఉంటుంది. ఒక్క బడి చాలన్నాడు నాన్న. ఒక్క మనిషిలో అన్ని బడులు నా వరండాలోకి నడిచొచ్చాయి.

ఆయన ఒక ముక్క తీసుకుని నల్లబల్ల మీద పొడుగ్గా గీత గీశాడు. తర్వాత తన పేరు రాశాడు. తుడిచి మళ్ళీ రాశాడు.

"గీరట్లేదు, రాలట్లేదు. ఎవరు చేశారబ్బాయ్?"

"నేనేనండి."

"శభాష్! మనోళ్ళలో ఇట్టాంటి కుర్రోళ్ళు రావాలయ్యా. అన్ని బడులకీ ఏడాది సరుకు నీ దగ్గరే తీసుకుంటా. ఉన్నది కారులో పెట్టు, మిగతాది చేసి పంపు."

ఇంతవరకూ చదివిన మీరు ఏం చేసేవారో నాకు తెలుసు. పెట్టెలన్నీ కారులో పడేసి, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టేవారు. నేనేం చేశానో వినండి.

"కాసేపు కూర్చోండి సార్," అన్నాను.

"ఎందుకు?"

"మా అత్తయ్య రావాలండి."

"కొట్టు మీ అత్తయ్యదా?"

"కాదండి, నాదే."

"మరి తాళాలు ఆవిడ దగ్గరున్నాయా?"

"తీసే ఉందిగదండి."

"మరి ఆవిడెందుకయ్యా?"

చెప్పాను. ఆయన కోప్పడలేదు. పెద్దమనిషి, నవ్వాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. శేషయ్య బాబాయి పరిగెత్తుకుంటూ సోడా తెచ్చి, నా చెవిలో, "ఆర్డరన్నా ఒప్పుకోరా, సరుకు తర్వాత ఇద్దువుగాని," అన్నాడు. "ఆర్డరు ఒప్పుకున్నా బోణీ కిందకే వస్తుంది బాబాయ్," అన్నాను. బాబాయి ఖాళీ సీసాతో తల కొట్టుకుంటూ వెళ్ళాడు. సోడా అయింది. ఒక బండి వచ్చి వెళ్ళింది. అత్తయ్య రాలేదు. వీరరాఘవయ్యగారు లేచి, తన కుడిచెయ్యి నా ముందు చాపాడు.

"నాకు తెనాలిలో పనుంది. ఆగలేను. పోనీ నా చేత్తోనే బోణీ అనుకో. ఈ చెయ్యి కూడా చెడ్డదేం కాదులే. నేను తెరిచిన బడి ఇంతవరకూ ఏదీ మూతపడలా."

అప్పుడైనా నా నోరు పెగలకుండా ఉంటే బాగుండేది. పెగిలింది.

"అదికాదండి... మీ చెయ్యి ఎట్టాంటిదో నాకు తెలీదు గదండి."

శేషయ్య బాబాయి చేతిలో టీ గ్లాసు జారి పడింది. వీరరాఘవయ్యగారు తన చెయ్యి తిప్పి అటూ ఇటూ చూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ చేతిని ఎవరూ అనుమానించి ఉండరు.

"నిజమే. తెలీదు," అన్నాడు మెల్లగా. కారెక్కాడు. కారు తెనాలి వైపు తిరిగింది. ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నినవాళ్ళ గురించి విన్నాం గాని, కూర్చోబెట్టి, సోడా పట్టించి, చెయ్యి బాగాలేదని పంపేసినవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు.

అయినా నేను కుంగిపోలేదు. అత్తయ్య వస్తే అన్నీ వాటంతటవే వస్తాయనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఇంకెవరూ రాలేదు. పొద్దుటి నుంచీ వెనక్కి వెళ్ళినవాళ్ళు ఊరంతా చెప్పినట్టున్నారు. రోడ్డున పోయేవాళ్ళు మాత్రం ఆగి, బోర్డు చదివి, నా వంక చూసి నవ్వుకుంటూ వెళ్ళారు.

పొద్దు వాలుతుండగా రిక్షా దిగింది కరుణమ్మత్త. చేతిలో గుడ్డసంచి, ముఖంలో పండగ కళ. అప్పుడే నాన్న కూడా నా వ్యాపారం ఏ గతి పట్టిందో చూద్దామని వచ్చి నిలబడ్డాడు.

"ఏంటత్తయ్యా ఇంత ఆలస్యం! పొద్దుట్నుంచీ ఒక్క ముక్క అమ్మకుండా కూర్చున్నా!"

"ఏం చెయ్యమంటావురా! తెనాలిలో బండి మారదామని దిగానా, బండి ఇంకా రాలేదన్నారు. సరే ఈలోగా కాఫీ తాగుదామని బయటికొచ్చా. స్టేషను ఎదురుగా ఒకబ్బాయి పుస్తకాల కొట్టు తెరుస్తున్నాడు. రేపల్లెవాడే, నన్ను గుర్తుపట్టాడు. కదలనిస్తేగా! 'మీరు దేవుడు పంపినట్టు వచ్చారండి, మీ చేత్తో బోణీ చెయ్యాలి' అని రెండు చేతులూ పట్టుకున్నాడు. వాళ్ళమ్మ భోంచేసి వెళ్ళమని విస్తరేసింది. కాదని ఎట్టా వస్తాను?"

"సరే, బోణీ చేసి వచ్చేశావుగా."

"చేశా. ఏం కొనాలో తోచలేదురా. పుస్తకాలు నేనేం చేసుకుంటాను? అంతలో నువ్వు గుర్తొచ్చావు." సంచిలోంచి ఒక పెట్టె తీసి నా చేతిలో పెట్టింది. "సుద్దముక్కలు కొన్నా. వట్టి చేతుల్తో రావడం ఎందుకని నీకే తెచ్చా."

నేను పెట్టె పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఇంకా ఆగలేదు.

"నా చేతి మహిమ చూడు, నేను విస్తరి ముందు నుంచి లేవనన్నా లేవలేదు, కారులో ఒక పెద్దాయన దిగాడు. బడులున్నాయంట. ఎవడో తలకుమాసినోడు దారిలో ఆయన చెయ్యి మంచిది కాదన్నాడంట, పాపం మొహం మాడిపోయి ఉంది. 'నా చెయ్యి పనికొస్తుందా?' అని అడిగి మరీ ఏడాది సరుకు మాట్లాడుకుని పోయాడు. ఆ కుర్రోడు నా కాళ్ళ మీద పడ్డాడురా!"

శేషయ్య బాబాయి దగ్గు వచ్చినట్టు పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తలకుమాసినవాణ్ణి నేనేనని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. అది దిగమింగుకుని, ఒక పెట్టె ఎత్తి ఆమె ముందు పెట్టాను.

"పోనీలే అత్తయ్యా. ఇప్పుడైనా బోణీ చెయ్యి."

ఆమె రెండు చేతులూ చటుక్కున వెనక్కి లాక్కుంది.

"అమ్మో, తప్పురా! ఒకే సరుక్కి ఒకే రోజు ఇద్దరికి బోణీ చేస్తే ఇద్దరికీ అచ్చిరాదు. పైగా వాళ్ళింట్లో అన్నం తిన్నా. వాళ్ళ నోట్లో మట్టి కొట్టనా?"

కరుణమ్మత్త చేతి కోసం రోజంతా కొట్టు కాపలా కాశాను. ఆ చెయ్యి నా ఎదురుగా ఉంది, నా సరుకు ముట్టుకోనంటోంది. అప్పుడు నాన్న ముందుకొచ్చాడు. బోణీలూ గీణీలూ నమ్మని మనిషి, జేబులో చిల్లర వెతికి, ఒక నాణెం నా పెట్టెల మీద పెట్టాడు.

"ఒక ముక్క ఇవ్వరా."

"నాన్నా..."

"ఇవ్వు. కొట్టు తెరిచినవాడు ఒక్క బేరమన్నా లేకుండా కట్టెయ్యకూడదు."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయన మీద నాకు వచ్చినంత ప్రేమ అంతకుముందెప్పుడూ రాలేదు. ముక్క ఇచ్చాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి, బల్ల మీద చక్కగా ఒక సున్నా చుట్టి, "బాగానే చేశావురా," అన్నాడు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది.

"మంచి చేత్తోనే పడిందిరా బోణీ. మీ నాన్న చెయ్యి నాకు తెలీదా? ఆ చేత్తో సుద్దముక్క పట్టించి మొదలుపెట్టించిన ఏ పిల్లాడూ మాస్టారు కాకుండా పోయింది ఇంతవరకూ లేదు!"

ఆమె మాట పొల్లుపోలేదు. బడులు తెరిచారు, నేను బి.ఎడ్.లో చేరాను. తొంభైల్లో రేపల్లెలో ఉద్యోగం వచ్చింది. తెనాలి కొట్టు మూడంతస్తులైంది. మా బడికి సుద్దముక్కలు అక్కడి నుంచే వచ్చేవి. నావంత బాగా రాసేవి కావు. మా హెడ్మాస్టరు ఏటేటా పిల్లలకి చొరవ గురించి నాలుగు మాటలు చెప్పమని నన్నే లేపేవాడు, వ్యాపారానుభవం ఉన్నవాణ్ణని.

కాబట్టి, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివిలో ఉండి, మీ అందరి ఎదుటా ఒట్టు పెట్టుకుంటున్నాను. ఈ జన్మలో నేను మళ్ళీ కొట్టంటూ తెరిస్తే, ముందు వచ్చినవాడికే ముందు అమ్ముతాను. వచ్చినవాడి డబ్బు చూస్తానేమో గాని చెయ్యి చూడను. చేతులకి బదులు రెక్కలుంటే రెక్కలతోనే బోణీ చేయించుకుంటాను. ఇక కరుణమ్మత్తకి కొట్టు తెరిచిన సంగతి మర్నాడు చెబుతాను.